ఉప్పుకు అణువు ఉన్నదా?

ఉప్పు అణువులో ఏముంటుందని తరగతిలో అడిగితే, “ఒక సోడియం, ఒక క్లోరిన్” అని విద్యార్థులు తడుముకోకుండా చెబుతారు. సంకేతము చూస్తే అట్లాగే తోస్తుంది మరి. కాని మనము కూరలో వేసుకునే ఉప్పుకల్లులో అట్టి అణువు ఒక్కటైనా లేదు. ఈ మాటను పేరుపొందిన ఒక రసాయన శాస్త్రజ్ఞుడే ఒప్పుకోలేకపోయినాడు.

1807లో హంఫ్రీ డేవీ, వేడికి కరగిన కాస్టిక్ సోడా గుండా విద్యుత్తును పంపి సోడియం లోహాన్ని రాబట్టినాడు. ద్రవములో అట్లా విద్యుదావేశాన్ని మోసుకొనిపోయే కణాలకు 1834లో ఫారడే ‘అయానులు’ అని పేరు పెట్టినాడు. విద్యుత్తు పంపినప్పుడే అవి పుడతాయని చాలాకాలము అనుకున్నారు. కాదు, ఉప్పు నీటిలో కరగగానే అయానులుగా విడిపోతుందని స్వీడన్ దేశస్థుడు అర్హీనియస్ 1887లో వాదించినాడు. దీనికి మూలమైన 1884 నాటి ఆయన సిద్ధాంతవ్యాసానికి ఉప్సాలా పరీక్షకులు తక్కువ శ్రేణి ఇచ్చినారు. నోబెల్ బహుమానము 1903లో వచ్చింది. ఈ వాదాన్ని గట్టిగా ఎదిరించిన వారిలో ఇంగ్లండు రసాయనవేత్త హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకడు.

నీటి సంగతి సరే, పొడి ఉప్పు మాట ఏమిటి? 1913లో లారెన్స్ బ్రాగ్ అనే యువకుడు ఎక్స్-కిరణాల సాయముతో ఉప్పు స్ఫటికపు అమరికను తేల్చినాడు. ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరినులు, ప్రతి క్లోరిన్ చుట్టూ ఆరు సోడియములు, అన్నీ సమాన దూరములో, 2.82 ఆంగ్‌స్ట్రాములలో ఉన్నాయి. ఇక ఈ ఆరింటిలో జతగాడు ఎవరని చెప్పడము? 1916లో జర్మనీలో కోసెల్ దీనికి అర్థము చెప్పినాడు. సోడియం ఒక ఎలక్ట్రానును వదలుకుంటుంది, క్లోరిన్ దానిని గ్రహిస్తుంది; రెండూ జడవాయువుల వంటి నిబ్బరమైన కూర్పును పొందుతాయి. ఆపైన ధన ఋణావేశాల ఆకర్షణయే బంధము. అది ఒక్క దిక్కుకే పరిమితము కాదు.

ఉప్పు గుణాలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఆకర్షణ అన్ని వైపులా ఉండబట్టి ఉప్పు కరగడానికి 801 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావాలి. దెబ్బ తగిలి ఒక పొర కాస్త జరిగిందా, ధనానికి ఎదురుగా ధనమే వచ్చి నిలుస్తుంది. స్ఫటికము చదునుగా పగులుతుంది. గట్టిగా ఉన్నంతసేపు అయానులకు కదలిక లేదు గనుక విద్యుత్తు ప్రవహించదు.

1927లో, తన 79వ ఏట, ఆర్మ్‌స్ట్రాంగ్ ‘నేచర్’ పత్రికకు లేఖ వ్రాసినాడు. ఎక్స్-కిరణాల వారు ఉప్పును చదరంగపు బల్లగా మార్చివేశారని, ఇది ఇంగితానికే విరుద్ధమని మండిపడినాడు. ఆయనను చూచి నవ్వడానికి నాకు నోరు రాదు. నా విద్యార్థులు చెప్పే జవాబూ అదే గదా!

పైగా ఆయన కోరిన జంట బొత్తిగా లేకపోలేదు. కరగిన ఉప్పును ఇంకా కాచి ఆవిరి చేస్తే, అందులో ఒక సోడియం, ఒక క్లోరిన్ జతగా తిరిగే అణువులు కనిపిస్తాయి. అప్పుడు వాటి నడుమ దూరము 2.36 ఆంగ్‌స్ట్రాములే. చుట్టూ తక్కిన అయిదుగురు లేరు కనుక మరింత దగ్గరవుతాయి.