దేహములేని ప్రతివాది

కంపెనీలపై వ్యాజ్యములు వేయుట దేశపరిశ్రమలకు చేటని కొందరును, వ్యాజ్యము తప్ప బీదవానికి వేఱు దిక్కు లేదని కొందరును వాదించుచుందురు. ఈ వాదమును ఊహలతో గాక చరిత్రతో పరీక్షించుట మేలని మేము తలచుచున్నాము.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలులో యూనియన్ కార్బైడువారి పురుగుమందుల కర్మాగారమునుండి మిథైల్ ఐసోసయనేటు అను విషవాయువు వెడలి, నిద్రలోనున్న వేలకొలది జనులను బలిగొనెను. మఱుసటి యేట ప్రభుత్వము శాసనము చేసి, బాధితులందఱి పక్షమున దావా నడుపు హక్కును తానే గ్రహించెను. అమెరికాలో దావా వేయగా, విచారణ భారతదేశముననే జరుగుట యుచితమని 1986లో న్యూయార్కు న్యాయాధిపతి దానిని త్రోసివేసెను.

ఆ నడుమ, 1985 డిసెంబరులో, ఢిల్లీలోని శ్రీరాంవారి కర్మాగారమునుండి ఓలియం వాయువు వెలువడెను. దానిపై 1986 డిసెంబరులో మన సుప్రీంకోర్టు ఒక గొప్ప సూత్రమును నెలకొల్పెను. అపాయకరమైన వ్యాపారము చేయువారు తగిన జాగ్రత్త వహించితిమని చెప్పి తప్పించుకొనరాదు. 1868 నాటి ఇంగ్లీషు తీర్పును బట్టి వచ్చిన మినహాయింపులు వారికి చెల్లవు. కంపెనీ యెంత పెద్దదో పరిహారమును అంత పెద్దదై యుండవలెను.

ఇట్టి సూత్రము భోపాలు బాధితులకు అక్కఱకు వచ్చెనా? రాలేదు. తప్పెవరిదో తేలకమునుపే, 1989 ఫిబ్రవరిలో రాజీ కుదిరెను. ప్రభుత్వము కోరినది 300 కోట్ల డాలర్లకు పైమాట. లభించినది 47 కోట్లు. క్రిమినలు విచారణయు నాడు రద్దయ్యెను. 1991లో దానిని పునరుద్ధరించినను, 2010లో గాని శిక్ష పడలేదు. అదియు భారతీయులైన అధికారులకు రెండేండ్ల ఖైదు మాత్రమే. అధిక పరిహారమునకై ప్రభుత్వము వేసిన చివరి అర్జీని 2023లో సుప్రీంకోర్టు కొట్టివేసెను.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణమున ఎల్జీ పాలిమర్సువారి కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెడలి పన్నెండుగురు మరణించిరి. మఱునాడే జాతీయ హరిత ట్రిబ్యునలు 50 కోట్ల రూపాయలు ముందుగా కట్టవలెనని కంపెనీని ఆజ్ఞాపించెను. వేగముగా పనిచేయుట న్యాయస్థానములకు అసాధ్యము కాదని దీనివలన తేలుచున్నది.

కావున దోషము వ్యాజ్యము వేయుటలో లేదు. దానిని తీర్పువఱకు నడుపకుండుటలో నున్నది. బాధితుడు ధనమును మాత్రమే కోరడు. తన బిడ్డ యెవరి తప్పిదమువలన మరణించెనో పదిమంది యెదుట తేల్చుమని కోరును. దేహములేని కంపెనీని చెఱసాలలో నుంచలేము. కాని బోనులో నిలిపి సమాధానము చెప్పింపగలము. ఆ సమాధానమును రాజీ సొమ్ముకు అమ్ముకొనరాదని మా మనవి.