నెగెటివ్ లేని రంగులు

1907లో ఫ్రాన్స్‌లో లూమియేర్ సోదరులు అమ్మకానికి పెట్టిన ఆటోక్రోమ్ పలకల్లో రంగు పుట్టింది బంగాళాదుంప పిండిలోంచి. నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులద్దిన పిండి రేణువులను గాజు మీద పలచగా పరిచి, సందుల్లో బొగ్గుపొడి నింపి, దానిపైన వెలుగుకు స్పందించే ఎమల్షన్ పూసేవారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా ఒక్కో ఫొటోకు సెకను, ఒక్కోసారి అంతకుమించి పట్టేది. పలకను కడిగాక మిగిలేది అదొక్కటే. నెగెటివ్ ఉండదు. కెమెరాలో వెలుగు సోకిన పలకే కడకు చూసుకునే బొమ్మ.

ఆ తర్వాత వచ్చిన స్లైడ్ ఫిలిమ్‌లన్నిటిదీ ఇదే జాతకం. నెగెటివ్‌లో వెలుగు అటూ ఇటూ అయితే ప్రింటు వేసేవారు కొంత సర్దగలరు. స్లైడ్‌కు ఆ రెండో చెయ్యి లేదు. కాబట్టి దాని చరిత్రలో రంగు ఎలా పుట్టిందన్నది ఎంత ముఖ్యమో, జాగ్రత్త ఎవరి నెత్తిన పడిందన్నదీ అంతే ముఖ్యం.

ఆటోక్రోమ్ కాలంలో ఆ భారం ఫొటోగ్రాఫర్‌దీ, పలకలను దాచేవారిదీ. పారిస్ బ్యాంకరు ఆల్బర్ట్ కాన్ 1909 నుంచి 1931 దాకా దేశదేశాలకు ఫొటోగ్రాఫర్లను పంపి సుమారు 72,000 ఆటోక్రోమ్‌లు పోగుచేయించాడు. స్టెఫాన్ పాసే 1913-14లో భారతదేశానికి వచ్చింది ఆ పనిమీదే. ఆ రంగులు వెలుగుకు వెలిసిపోతాయి. అందుకే మ్యూజియంలు అసలు పలకలను చీకట్లో దాచి, ఎక్కువగా నకళ్ళనే చూపిస్తాయి.

1935లో వచ్చిన కోడాక్రోమ్ ఆ భారంలో పెద్దవాటాను ల్యాబుకు అప్పగించింది. దాన్ని కనిపెట్టిన లియొపోల్డ్ మానెస్ పియానో వాద్యకారుడు, లియొపోల్డ్ గొడౌస్కీ వయొలిన్ వాద్యకారుడు. చీకటిగదిలో గడియారం చూసే వీల్లేక, బ్రామ్స్ సింఫనీని ఈలవేస్తూ సెకన్లు లెక్కపెట్టేవారని చెబుతారు. ముందు 16 ఎంఎం సినిమా ఫిలిమ్‌గా, 1936లో 35 ఎంఎం రోలుగా ఇది బజారులోకి వచ్చింది. రంగును పుట్టించే రసాయనాలు ఫిలిమ్‌లో ఉండవు, కడిగే ద్రావణాల్లో ఉంటాయి. ఇంట్లో చేసుకునే పని కాదది. అమెరికాలో ఫిలిం ధరలోనే కడగడానికయ్యే ఖర్చూ కలిసి ఉండేది. 1954లో ప్రభుత్వంతో కొడాక్‌కు కుదిరిన ఒప్పందం ఆ ముడి విప్పింది. మన్నిక సంగతికొస్తే, తొలి మూడేళ్ళ స్లైడ్‌ల రంగులు నిలవలేదు. 1938లో కడిగే పద్ధతి మార్చాక, చీకట్లో దాచిన కోడాక్రోమ్‌కు సాటిలేదని పేరొచ్చింది. 1939-44 మధ్య అమెరికా ప్రభుత్వ ఫొటోగ్రాఫర్లు తీసిన సుమారు 1,600 రంగుల చిత్రాలు ఇప్పటికీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి.

కడిగే పని ల్యాబుదే అయినా, వెలుగు కొలిచే పని మాత్రం కెమెరా పట్టినవారిదే. తొలి కోడాక్రోమ్ వేగం నేటి ఐఎస్ఓ లెక్కలో 10 దాకా మాత్రమే. స్లైడ్‌లో అర స్టాపు తేడా కూడా కంటికి తెలిసిపోతుంది. వెలుగు ఎక్కువైతే తెల్లచొక్కా మడతలు మాయమై, అక్కడ ఉత్త ఫిలిం మిగులుతుంది. తక్కువైతే బొమ్మ చీకటిగా ఉన్నా అందులో ఎంతోకొంత దొరుకుతుంది. ఆ కారణంగానే స్లైడ్ తీసేవాళ్ళు లైట్ మీటరును వెలుతురు భాగాలకే పెట్టడం, కాస్త తక్కువకే మొగ్గడం అలవాటు చేసుకున్నారు. కోడాక్రోమ్ 64ను 80గా లెక్కగట్టి తీసినవాళ్ళు ఎందరో. మీటరు లేనివారికి ఎండే కొలత: ఎఫ్/16 పెట్టి, ఫిలిం వేగం 64 అయితే సెకనులో అరవయ్యో వంతు.

1946లో ఎక్టాక్రోమ్ రావడంతో కడిగే పని మళ్ళీ బయటివారి చేతికీ అందింది. రంగు రసాయనాలు ఫిలిమ్‌లోనే ఉండటంతో చిన్న ల్యాబులూ, ఔత్సాహికులూ కడుక్కోగలిగారు. మొదటి డెవలపర్‌లోంచి తీసిన తడి ఫిలిమ్‌ను పెద్ద దీపం ముందు పట్టి మళ్ళీ వెలుగు తగిలిస్తే గాని దానిమీది నెగెటివ్ బొమ్మ పాజిటివ్‌గా మారేది కాదు. 1966 నాటి ఇ-4 అనే కడిగే పద్ధతి ఆ పని రసాయనంతో చేయించింది గాని, ఆ రసాయనం విషపూరితం. 1970ల నడుమ వచ్చిన ఇ-6లో మొదటి డెవలపర్ 38 డిగ్రీల దగ్గర ఆరు నిమిషాలు. ఆ వేడి ఒక డిగ్రీ తప్పినా రంగులో తెలుస్తుంది.

నిపుణుల కోసం చేసిన ఫిలిమ్‌లతో జాగ్రత్త ఫ్రిజ్‌దాకా వెళ్ళింది. వాటిని 13 డిగ్రీలకు తక్కువలో ఉంచమన్నారు. బయటికి తీయగానే డబ్బా మూత తెరిస్తే చల్లని ఫిలిం మీద మంచుబిందువులు కడతాయి. గంటో గంటన్నరో అలాగే వదిలేసి, గది వేడికి వచ్చాక తెరవాలి. తీసిన రోలును కారులో ఎండకు వదలకుండా, వీలైనంత త్వరగా కడిగించాలి.

దాచడంలో అసలు మలుపు 1993లో రంగుల ఫొటోల మన్నికపై హెన్రీ విల్‌హెల్మ్ రాసిన పుస్తకంతో వచ్చింది. చీకట్లో ఎక్కువకాలం నిలిచే కోడాక్రోమ్, ప్రొజెక్టర్ దీపం ముందు ఫుజీక్రోమ్ కంటే త్వరగా వెలిసిపోతుందని ఆయన పరీక్షలు చూపాయి. 1961 నుంచి ఎనభై స్లైడ్‌ల కారోసెల్ ప్రొజెక్టర్ ట్రే తిప్పుతూ సాయంత్రాలు గడిపిన కుటుంబాలకు ఇది మింగుడుపడని సంగతి. నకలును తెరమీదికి, అసలును పెట్టెలోకి పంపడం అప్పట్నించి మంచి పద్ధతైంది. పీవీసీ కవర్లకు బదులు పాలీప్రొపిలీన్ వాడమన్నారు. తేమ ఎక్కువుండే చోట గాజు మౌంట్లు వద్దన్నారు, లోపల చిక్కిన తేమకు బూజు పడుతుంది. బూజును తడిగుడ్డతో తుడిస్తే ఇంకా నష్టం. అది పట్టిన జెలటిన్ నీటికి కరిగి, బొమ్మే గుడ్డకు అంటుకొస్తుంది.

2009లో కొడాక్ కోడాక్రోమ్ తయారీని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆఖరి రోలును ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెక్‌కరీకి ఇచ్చారు. దాంతో ఆయన తీసిన చిత్రాల్లో రాజస్థాన్ రబారీ తెగవారివీ ఉన్నాయి. కాన్సస్‌లోని డ్వేన్స్ ఫొటో ల్యాబు 2010 డిసెంబరు 30 దాకా వచ్చిన రోళ్ళను కడగడానికి తీసుకుంది. ఆ పని ఆగాక, అటక మీద మిగిలిపోయిన కోడాక్రోమ్ రోలును నలుపు-తెలుపులో కడిగించుకోవలసిందే. 2012లో ఆపిన ఎక్టాక్రోమ్‌ను మాత్రం కొడాక్ 2018లో మళ్ళీ తెచ్చింది. ఇ-6 కడిగే ల్యాబులు తగ్గిపోవడంతో ఇప్పుడు చాలామంది రోలును వేరే ఊరికి పంపుకుంటున్నారు. విమానంలో వెళ్ళేవారు దాన్ని చెక్-ఇన్ సామానులో పెట్టకుండా చేతిసంచిలో ఉంచుకుని, స్కానర్ దగ్గర చేత్తో తనిఖీ చేయమని అడుగుతున్నారు.