ఉక్కు దూలానికి పక్క ఊతం: బలం నుంచి దృఢత్వం దాకా

నిలువు భారం మోసే దూలం కిందికే వంగాలి. అయితే లోతుగా, సన్నగా, పొడవుగా ఉన్న ఉక్కు దూలంలో సంపీడనానికి గురైన పై ఫ్లాంజి ఒకానొక భారం దగ్గర పక్కకు తప్పుకుంటుంది. తన్యతలో ఉన్న కింది ఫ్లాంజి అంతగా కదలదు కనుక దూలం మెలి తిరుగుతుంది. పార్శ్వ విమోటన బక్లింగ్‌గా పేర్కొనే ఈ వైఫల్యానికి సిద్ధాంతం 1899లో రెండుచోట్ల విడివిడిగా రూపొందింది. మ్యూనిక్‌లో లుడ్విగ్ ప్రాంట్ల్ తన డాక్టరేటు గ్రంథంలోను, మెల్‌బోర్న్ ఇంజనీరు ఏ.జి.ఎం. మిచెల్ ఒక పత్రంలోను సన్నని దీర్ఘచతురస్ర ఛేదపు దూలాలను పరిశీలించారు. ప్రాంట్ల్ ద్రవగతిశాస్త్ర కీర్తి ఈ తొలి కృషిని కప్పివేసింది. ఐ-దూలాలకు సిద్ధాంతాన్ని విస్తరించినవాడు తిమోషెంకో.

దూలం ఎప్పుడు ఒరుగుతుందో దీనితో తేలింది. ఒరగకుండా పట్టుకోవడానికి ఎంత ఊతం కావాలన్నది మాత్రం చాలాకాలం అనుభవ సూత్రాలకే మిగిలింది. సంపీడన బలంలో 2 శాతాన్ని తట్టుకొనే బ్రేసింగు చాలునన్నది వాటిలో ప్రసిద్ధం. లోపం ఆ అంకెలో లేదు, అది అడగని ప్రశ్నలో ఉంది. బలమైన ఊతం కూడా మెత్తగా సాగితే దూలాన్ని నిలపలేదు.

1958లో కార్నెల్ ఆచార్యుడు జార్జ్ వింటర్ ఈ ముడిని అతి సరళంగా విప్పాడు. ఊతం ఉన్నచోట కీలు ఉన్నట్లు ఊహించి సమతుల్యత రాశాడు. ఊతానికి సరిగ్గా ఆదర్శ దృఢత్వమే ఉంటే, ముందే ఉన్న కొద్దిపాటి వంకర హద్దు లేకుండా పెరుగుతుంది. దృఢత్వాన్ని రెట్టింపు చేస్తే అదనపు కదలిక తొలి వంకరకు సమానమై ఆగుతుంది. మధ్యలో ఒకే ఊతం ఉండి, తొలి వంకర ఊతాల మధ్య దూరంలో 500వ వంతు అయితే, ఊతంపై పడే బలం 0.8 శాతమే. అంటే పాత 2 శాతం బలం విషయంలో ఉదారమైనదే! మన ఐఎస్ 800 : 2007 కోరే 2.5 శాతాన్ని కూడా ఈ వెలుగులోనే చదవాలి.

ఊతం ఏ కదలికను ఆపుతోందన్నది మరో ప్రశ్న. 2002 అక్టోబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని మార్సీ వద్ద నిర్మాణంలో ఉన్న పాదచారుల వంతెన కాంక్రీటు పోస్తుండగా మెలి తిరిగి కూలి, ఒక కార్మికుడు మరణించాడు. పైభాగం తెరిచి ఉన్న ఆ తొట్టి ఆకారపు దూలం లోపల అడ్డచట్రాలు ఉన్నాయి. అవి ఛేదం ఆకారాన్ని కాపాడాయి తప్ప మొత్తం దూలం తిరగడాన్ని ఆపలేకపోయాయి. పై ఫ్లాంజిలను పొడవునా కలిపే బ్రేసింగు లేదు. కాంక్రీటు గట్టిపడి ఉంటే అదే తొట్టికి మూత అయ్యేది.