రెయిడ్‌లో వాడిన ఎస్‌ఎస్‌డీ: ఉత్త ఫార్మాట్ సరిపోదు

గవర్నర్‌పేటలో సెకండ్‌హ్యాండ్ ఎస్‌ఎస్‌డీ కొని తెచ్చి ఇంట్లో పెడితే, ఒక్కోసారి కంప్యూటర్ దాన్ని సరిగ్గా గుర్తించదు. సైజు తప్పు చూపిస్తుంది, లేదా 'రెయిడ్ మెంబర్' అంటుంది. డ్రైవ్ పాడైందని వెంటనే షాపువాడి మీదకి వెళ్లక్కర్లేదు. అది ఇంతకుముందు రెయిడ్‌లో పనిచేసి ఉండొచ్చు.

రెయిడ్ అంటే కొన్ని డ్రైవులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి. 1988లో అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్‌తో ఈ పేరు స్థిరపడింది. రెయిడ్ 0లో స్పీడు కోసం డేటాను ముక్కలు చేసి డ్రైవులకు పంచుతారు. రెయిడ్ 1లో రెండిట్లోనూ ఒకే కాపీ ఉంటుంది, ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. వీడియో ఎడిటింగ్ స్టూడియోలకు, ట్యాలీ సర్వర్ ఉన్న ఆఫీసులకు పనికొచ్చే ఏర్పాటు ఇది.

ఈ డ్రైవ్ ఏ గుంపులోదో చెప్పే గుర్తు, అంటే మెటాడేటా, డ్రైవ్‌లోనే రాసి ఉంటుంది. ఇంటెల్ రెయిడ్‌లో అది డ్రైవ్ చివర్లో ఉంటుంది. విండోస్ క్విక్ ఫార్మాట్ దాని జోలికి పోదు. అందుకే ముందు ఆ గుర్తు తీయాలి. పాత కంప్యూటర్ ఇంకా ఉంటే, దాని ఇంటెల్ రెయిడ్ మెనూలో 'రీసెట్ టు నాన్ రెయిడ్' ఎంచుకోవడం తేలిక. లినక్స్‌లో కట్టిన రెయిడ్ అయితే ముందు దాన్ని ఆపి, ఎండీయాడ్మ్‌తో సూపర్‌బ్లాక్ చెరపాలి. ఇందులో ఏది చేసినా డేటా పోయినట్టే లెక్క. రెయిడ్ చెడిపోయి లోపల డేటా కావాలనుకుంటే ఏదీ నొక్కకండి. విండోస్ అడిగే 'ఇనిషియలైజ్'కి కూడా ఓకే అనొద్దు.

ఇక అమ్మేవాళ్ల సంగతి. అసలు జాగ్రత్త వీళ్లకే కావాలి. క్విక్ ఫార్మాట్ కొడితే ఫైళ్ల పేర్ల పట్టిక మాత్రమే కొత్తదవుతుంది. రెయిడ్ 1లోని ఒక్క డ్రైవ్ దొరికినా మొత్తం కాపీ దొరికినట్టే. రెయిడ్ 0 ముక్కలే కదా అని ధీమా పడొద్దు, చిన్న ఆధార్ స్కాన్ ఒకటి ఒకే ముక్కలో పూర్తిగా ఇమిడిపోవచ్చు. స్టూడియో డ్రైవ్ అయితే అందులో ఎవరి ఇంటి ఆడవాళ్ల షాదీ ఫోటోలు ఉన్నాయో! పెద్ద కంపెనీలే ఇక్కడ దెబ్బతిన్నాయి. మోర్గాన్ స్టాన్లీ పాత పరికరాలను డేటా తుడవడంలో అనుభవం లేని సామాను రవాణా సంస్థకు అప్పగిస్తే, కొన్ని డేటాతో సహా ఆన్‌లైన్ వేలానికి వెళ్లాయి. 2022లో అమెరికా ఎస్‌ఈసీ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

డిస్క్‌పార్ట్‌లో 'క్లీన్ ఆల్' మొత్తం సున్నాలు రాస్తుంది గానీ, ఎస్‌ఎస్‌డీ తన అవసరానికి దాచుకునే సెల్స్ దానికి అందవు. దీనికి సరైనది సెక్యూర్ ఎరేజ్. చాలా మదర్‌బోర్డుల బయోస్‌లో, శాంసంగ్ మెజీషియన్ లాంటి కంపెనీ టూల్స్‌లో ఇది ఉంటుంది. డ్రైవ్‌ను రెయిడ్ కార్డు ద్వారా, యూఎస్‌బీ కేబుల్‌తో కాకుండా నేరుగా బోర్డుకు పెట్టి ఏహెచ్‌సీఐ మోడ్‌లో చేయండి. రోజూ వాడే కంప్యూటర్‌లో ఆ మోడ్ మారిస్తే విండోస్ లేవకపోవచ్చు, కాబట్టి వేరే మెషీన్ మేలు. 'ఫ్రోజెన్' అని వస్తే కంప్యూటర్‌ను ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపితే చాలాసార్లు విడుదలవుతుంది. ఇంకో లాభం కూడా ఉంది: చాలా రెయిడ్ కార్డులు ట్రిమ్ కమాండ్‌ను డ్రైవ్‌కు చేరనివ్వవు, దాంతో అది నెమ్మదిస్తుంది. సెక్యూర్ ఎరేజ్ తర్వాత ఆ స్పీడు తిరిగొస్తుంది.

అరుగుదల మాత్రం తిరిగిరాదు. కొనేముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో హెల్త్ శాతం షాపులోనే చూడండి. చవగ్గా వచ్చే సర్వర్ ఎస్‌ఏఎస్ డ్రైవులు మామూలు శాటా పోర్టుకి పట్టవు. వాటిలో కొన్నిటికి సెక్టార్ 512కి బదులు 520 బైట్లు ఉంటుంది, విండోస్ దాన్ని వాడలేదు. లినక్స్‌లో ఎస్‌జీ ఫార్మాట్‌తో మార్చవచ్చు, కానీ మధ్యలో కరెంటు పోతే డ్రైవ్ పనికిరాకుండా ఆగిపోతుంది, మళ్లీ మొదటినుంచి ఫార్మాట్ చేయాలి. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు. ఇంటి కంప్యూటర్‌కైతే అలాంటి డ్రైవ్ కొనకపోవడమే నయం.