కొనుక్కున్న మైదానం

మా నస్రుల్లాబాదులో నా చిన్నతనాన ఒక గుడి అరుగుబండ మీద పులిమేక పటం చెక్కి ఉండేది. ఎవరు చెక్కారో ఎవరికీ తెలియదు. మూడు పులులు, పదిహేను మేకలు. గులకరాళ్ళు ఏరుకొని వచ్చి కూర్చుంటే ఆట మొదలు. రాళ్ళు ఎవరివైనా పటం మాత్రం అందరిదీ. తనకు పటం లేదన్న కారణంతో ఆటనుండి లేచిపోయినవాణ్ణి అక్కడ నేను చూడలేదు.

అటువంటి కారణంతోనే నేను ఒక ఆటనుండి లేవవలసి వచ్చింది, చాలా ఏళ్ళ తరువాత. 2010 ప్రాంతాన హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, న్యూజెర్సీలో ఉన్న మా పెద్దమ్మ కొడుకుతో ఆదివారాలు అంతర్జాలంలో ఒక తుపాకుల ఆట ఆడేవాణ్ణి. ఫోనులో చెప్పుకోవడానికి మాటలు కరవైన అన్నదమ్ములకు ఆ ఆట ఒక సాకు. ఇంతలో ఆ ఆటకు కొత్త మ్యాపులు కొన్ని అమ్మకానికి వచ్చాయి. అన్న కొన్నాడు, నేను కొనలేదు. ఆ తరువాత మేమిద్దరం కలిసి కూర్చున్నప్పుడు కొత్త మ్యాపు ఒక్కసారీ రాలేదు. కొన్నాళ్ళకు అన్న నేరం ఒప్పుకున్నట్టుగా చెప్పాడు: "నువ్వు పండుకున్నంక నేనొక్కణ్ణే ఆ కొత్తవాట్ల ఆడుతున్న తమ్మీ. పైసలు పెట్టి కొంటిగద."

ఇందులో అన్న తప్పేమీ లేదు. మరి తప్పు ఎక్కడుందని వెదుకుతూ పోతే అది పద్నాలుగేళ్ళ చిన్న చరిత్రగా తేలింది. 2005లో మొదలై 2019 నాటికి దాదాపుగా ముగిసిన చరిత్ర అది.

అంతకు ముందు సంగతి మొదట చెప్పుకోవాలి. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్ ఆటలో మ్యాపులను ఆట యంత్రాంగంనుండి విడదీసి వేరే ఫైలులో ఉంచారు. దానితో ఓపిక ఉన్న ప్రతివాడూ సొంత మ్యాపులు గీయడం మొదలుపెట్టాడు. 1999లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ ఆ సంప్రదాయపు బిడ్డే. మన పట్టణాల నెట్ సెంటర్లలో గంటల లెక్కన ఆడిన తరానికి "డస్ట్" అనే ఎడారి మ్యాపు సొంత వీధి అంత పరిచయం. దానిని గీసినవాడు డేవ్ జాన్‌స్టన్ అనే ఇంగ్లండు యువకుడు. ఆ రోజులలో ఆటగాడు సర్వర్ల జాబితా చూసి తనకు నచ్చినదానిలోకి వెళ్ళేవాడు. అక్కడి మ్యాపు తన దగ్గర లేకపోతే సర్వరే దానిని పంపేది. కొంత ఆలస్యమయ్యేది, అంతే. గుడి అరుగు మీది ధర్మమే ఇక్కడా నడిచింది.

2004 నవంబరులో వచ్చిన హేలో 2 ఈ పద్ధతిని మార్చింది. ఆటగాడు సర్వరును ఎంచుకోనక్కరలేదు. "ఆడతాను" అని మీట నొక్కితే చాలు, సమవుజ్జీలను వెదికి, జట్లు కట్టి, మ్యాపు కూడా యంత్రమే ఎంచుతుంది. దీనికి మ్యాచ్‌మేకింగ్ అని పేరు. మన భాషలో చెప్పాలంటే యంత్రం పెళ్ళిళ్ళ పేరయ్య అయింది. సౌకర్యం గొప్పదే. కాని ఎంపిక పేరయ్య చేతికి పోయిన నాటినుండి, నీ దగ్గర ఏమి ఉన్నది, ఏమి లేదు అన్నది సంబంధం కుదరడానికి షరతు అయిపోయింది.

మరుసటి ఏడాదే మ్యాపుల అమ్మకం మొదలైంది. 2005 ఏప్రిల్‌లో హేలో 2కు నాలుగు కొత్త మ్యాపులు వచ్చాయి. వాటిలో రెండు ఉచితం, తక్కిన రెంటికీ కలిపి సుమారు 6 డాలర్లు. జూలైలో మరో ఐదు వచ్చాయి, వాటికి సుమారు 12 డాలర్లు. అయితే కొన్ని నెలలకు ఇవన్నీ ఉచితమయ్యాయి. హేలో 3కు 2007 డిసెంబరులో 10 డాలర్లకు అమ్మిన మూడు మ్యాపుల కట్టకూ అదే గతి పట్టింది. 2008 మార్చిలో దానిని అందరికీ ఊరికే ఇచ్చేశారు, ఏప్రిల్‌లో తరువాతి కట్టను అమ్మకానికి పెట్టారు. అమ్మిన వస్తువును నాలుగు నెలలు తిరగకుండా ఉచితం చేయడం వెనుక దయతో పాటు అవసరం కూడా ఉంది. ఆ అవసరమేమిటో ఒక చిన్న లెక్క చెబుతుంది.

ఒక పందెంలో పన్నెండుగురు ఆడతారనుకుందాం. కొత్త మ్యాపు రావాలంటే పన్నెండుగురి దగ్గరా అది ఉండాలి. ఆటగాళ్ళలో సగంమంది కొన్నారనుకుంటే, ఏ ఎంపికా లేకుండా కలిపిన పన్నెండుగురూ కొన్నవారే అయ్యే అవకాశం 4096లో ఒకటి. పదిమందిలో తొమ్మండుగురు కొన్నా ఆ అవకాశం నూటికి 28 మాత్రమే. అంటే అందరికీ ఉమ్మడిగా ఉన్న మ్యాపులలోనే ఆడించడం న్యాయంగా కనిపిస్తుంది గాని, కొన్నవాడు తాను కొన్నదానిని కంటితో చూడలేడు. మా అన్నకు జరిగింది ఇదే. అడ్డుపడిన ఆ ఒక్కణ్ణీ నేనే.

రెండవ దారి, కొన్నవారికి వేరే ప్లేలిస్టు పెట్టడం. అక్కడ కొత్త మ్యాపు తప్పక వస్తుంది, కాని మనుషులు తక్కువ. గుంపు చిన్నదైతే నిరీక్షణ పెరుగుతుంది, సమవుజ్జీలు దొరకరు, దూరదేశపువారితో ఆడవలసి వచ్చి ఆట తడబడుతుంది. మూడవ దారి, మామూలు ప్లేలిస్టులోకే మ్యాపు లేనివారిని రానీయకపోవడం. నిన్నటిదాకా ఆడుకున్న చోటు ఈరోజు మూతపడితే కొననివాడికి కోపం రాక మానదు. నాలుగవది, కొన్న మ్యాపులు కావాలా వద్దా అని ఆటగాణ్ణే అడగడం. మర్యాదైన పద్ధతే గాని, కావాలన్నవారు మళ్ళీ రెండవ దారిలోని చిన్న గుంపులోనే తేలుతారు.

కట్టలు పెరిగినకొద్దీ చిక్కు రెట్టింపవుతుంది. ఒక కట్ట ఉంటే మనుషులు రెండు రకాలు, రెండుంటే నాలుగు, నాలుగుంటే పదహారు. 2011లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 3కి అదనపు కట్టలు ఐదు. ఏవి ఉన్నాయి, ఏవి లేవు అన్న లెక్కన 32 రకాల ఆటగాళ్ళు ఏర్పడతారు. 2012 జూన్‌లో ఆ ఐదింటినీ కలిపి 50 డాలర్లకు "ప్రీమియం" పేరిట అమ్మారు. దానిని లాభాపేక్షగానే చూశారు చాలామంది. నాకు మాత్రం అది 32 ముక్కలైన జనాన్ని రెండు ముక్కలకు దించే ప్రయత్నంగా కూడా కనిపిస్తుంది. అయితే ఆ రెండు ముక్కల మధ్య గోడ మరింత ఎత్తయింది. ప్రీమియం వారికి కొత్త మ్యాపులు రెండు వారాలు ముందుగా వచ్చేవి. సర్వరు నిండి వరుస ఉన్నప్పుడు వారికి ముందు చోటు దక్కేది. నిజాంసాగర్ కాలువ నీళ్ళు చివరి పొలాలకు చేరడానికి ఎంత కాలం పడుతుందో ఎరిగిన మా ప్రాంతంవారికి ఈ ఏర్పాటును విడమరచి చెప్పనక్కరలేదు.

అమ్మకాలు మాత్రం బ్రహ్మాండంగా సాగాయి. 2010 మార్చిలో కాల్ ఆఫ్ డ్యూటీ మోడరన్ వార్‌ఫేర్ 2కు వచ్చిన ఐదు మ్యాపుల కట్ట, 15 డాలర్ల ధరకు, మొదటి వారంలోనే 25 లక్షలకు పైగా అమ్ముడుపోయిందని సంస్థ ప్రకటించింది. అంత పెద్ద జనంలో చీలిక వెంటనే తెలియదు. చిన్న ఆటలకు అది ప్రాణాంతకం. 2014లో వచ్చిన టైటన్‌ఫాల్ మూడు కట్టలను అమ్మి, ఏడాది తిరిగేసరికి, 2015లో, వాటిని అందరికీ ఉచితం చేసింది. 2016లో వచ్చిన టైటన్‌ఫాల్ 2 కొత్త మ్యాపులకు డబ్బు అడగనేలేదు.

అదే ఏడాది వచ్చిన గేర్స్ ఆఫ్ వార్ 4 చేసిన ఏర్పాటు నాకు అన్నిటికంటె నచ్చింది. బహిరంగ పోటీలలో కొత్త మ్యాపులు ఎవరైనా ఆడవచ్చు. తమ స్నేహితులతో విడిగా ఆ మ్యాపులో ఆడుకోవాలంటేనే కొనాలి. కొన్నవాడికి ఏదో దక్కింది, కొననివాడు ఎవరికీ అడ్డు కాలేదు.

అప్పటికే గాలి మారింది. 2015లో వచ్చిన హేలో 5, రెయిన్‌బో సిక్స్ సీజ్, 2016లో ఓవర్‌వాచ్ కొత్త మ్యాపులను అందరికీ ఇచ్చాయి. 2019 అక్టోబరులో మోడరన్ వార్‌ఫేర్ కూడా అదే బాట పట్టడంతో ఒక శకం ముగిసింది. అయితే సొమ్ము ఎక్కడనుండో రావాలి కదా. అది వేషాలకు, తుపాకుల రంగులకు, లోపల ఏముందో చెప్పని పెట్టెలకు మళ్ళింది. 2017లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 మ్యాపులను ఉచితం చేసి పెట్టెలను అమ్మజూపితే పెద్ద గొడవే జరిగింది. ఆటగాళ్ళు కలిసి ఉన్నారు గాని, ఆట జూదానికి దగ్గరైంది. ఏది మేలో తేల్చడం సులభం కాదు. నాకు మాత్రం మనుషులను విడదీయని వ్యాపారమే కొంతలో కొంత మెరుగనిపిస్తుంది. మ్యాపు అమ్మిన రోజులలో నిజంగా అమ్ముడుపోయినది తోడు. తోడు మాత్రం ఒకడు కొంటే దొరికేది కాదు.

హేలో 3 సర్వర్లు 2022 జనవరిలో ఆగిపోయాయి. ఆ పాత పెట్టెలలో కొనుక్కున్న మ్యాపులు ఇంకా తెరుచుకుంటాయి. అందులోకి పేరయ్య ఎవరినీ తీసుకురాడు.

కిందటిసారి ఊరికి వెళ్ళినప్పుడు నలుగురు పిల్లలు అరుగు మీద ఫోనులలో ఆడుతున్నారు. ఇప్పటి ఆటలలో మ్యాపు కొననక్కరలేదు, దించుకోవాలి. దానికి డేటా కావాలి, ఫోనులో చోటు కావాలి. నాలుగో పిల్లవాడి పాత ఫోనులో చోటు లేక ఒక మ్యాపే ఉంది. తక్కినవారికి అది విసుగెత్తిన మ్యాపు అని వారి ముఖాలే చెబుతున్నాయి. అయినా వాళ్ళలో పెద్దవాడు, "సరే తియ్, వానికున్నదే పెట్టు" అన్నాడు. ఆట మొదలైంది.

ఆ రాత్రి అన్నకు ఫోను చేశాను. చాలాసేపే మాట్లాడుకున్నాము.