తెలుగు నేలపై చూడదగిన మ్యూజియంలు: దొరికిన చోటే నిలిచిన చరిత్ర

అమరావతి స్తూపానికి చెందిన శిల్పాలన్నీ చూడాలనుకునే వారు పలు నగరాలు తిరగవలసి ఉంటుంది. వాటిలో ఒక పెద్ద భాగం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో, మరో పెద్ద భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కొన్ని పారిస్ చేరాయి. మిగిలినవి కృష్ణానది ఒడ్డున, ఆ స్తూపం వెలసిన ఊళ్లోనే ఉన్నాయి. ఈ నేలలో దొరికిన వస్తువు ఈ నేలపైనే నిలవడం దానంతట అది జరిగే పని కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. ఎవరో ఒకరు పూనుకుని కాపాడినందువల్లనే అవి మిగిలాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో చూడదగిన కొన్ని మ్యూజియంలను, అక్కడి వస్తువులు ఎలా నిలిచాయన్న కథతో పాటు ఈ కథనంలో పరిచయం చేస్తున్నాం. వీటిలో కొన్ని జగత్ప్రసిద్ధమైనవి. మరికొన్నింటి పక్కనుంచే మనం తరచూ ప్రయాణిస్తున్నా లోపలికి అడుగుపెట్టి ఉండం.

కృష్ణా తీరం: అమరావతి, విజయవాడ

పద్దెనిమిదో శతాబ్ది చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చుకున్నారు. కొత్త పట్టణానికి ఇటుక, రాయి కోసం దిబ్బలు తవ్వుతుండగా చెక్కిన పాలరాతి వంటి పలకలు బయటపడ్డాయి. ఆ వార్త విని వచ్చిన కాలిన్ మెకంజీ వాటి విలువను గుర్తించి నమోదు చేయించారు. ఆ తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాలు జరిపి శిల్పాలను మద్రాసుకు తరలించారు. వాటిలో వందకు పైగా శిల్పాలు 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి.

భారత పురావస్తు సర్వే సంస్థ అమరావతిలో నిర్వహిస్తున్న మ్యూజియం పరిమాణంలో చిన్నదే. అయితే ఇక్కడి వస్తువులను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా అనువైన చోటు మరొకటి లేదు. మ్యూజియం చూసి నాలుగడుగులు వేస్తే స్తూపపు పునాది కనిపిస్తుంది. శిల్పులు కొన్ని పలకల మీద స్తూపం బొమ్మనే చెక్కారు. ఇప్పుడు లేని గుమ్మటం, ప్రాకారం, ద్వారాల వద్ద సింహాలు, పూలదండలు మోస్తున్న మనుషులు ఆ బొమ్మల్లో ఉన్నారు. ముందు వాటిని చూసి, తర్వాత బయటి పునాది చుట్టూ నడిస్తే రెండు వేల ఏళ్ల నాటి కట్టడం మనసులో మళ్లీ లేచి నిలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ అధికార చిహ్నంలోని పూర్ణఘటం ఈ శిల్పశైలి నుంచి వచ్చినదే.

అమరావతి నుంచి విజయవాడ చేరితే బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది. పూర్వం దీని పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1887లో శంకుస్థాపన జరిగిన ఈ భవనానికి జాతీయోద్యమంతోనూ సంబంధం ఉంది. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు విజయవాడలో జరిగినప్పుడు పింగళి వెంకయ్య తాను రూపొందించిన పతాక నమూనాను గాంధీజీకి అందజేశారు. ఆ జ్ఞాపకం ఈ ప్రాంగణాన్ని అంటిపెట్టుకుని ఉంది. మ్యూజియంలోని అల్లూరు బుద్ధ విగ్రహం తప్పక చూడదగినది. రాతిలో వస్త్రపు మడతలను చెక్కిన తీరు కృష్ణా లోయ శిల్పుల ప్రత్యేకత.

నీట మునిగిన లోయ: నాగార్జునకొండ

అదే నదికి ఎగువన ఉన్న నాగార్జునకొండ మ్యూజియం పుట్టుకే వేరు. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఈ లోయలో మూడు, నాలుగు శతాబ్దాల్లో వర్ధిల్లింది. ఆ శిథిలాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. ఆ మరుసటి ఏడాది నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోవడం ఖాయమైంది.

పంట పొలాలకు నీరు కావాలి, చరిత్ర కూడా మిగలాలి. ఈ రెండింటి మధ్య కాలంతో పోటీపడి పని సాగింది. ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో 1954 నుంచి 1960 వరకు వందకు పైగా స్థలాల్లో తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను ఇటుక ఇటుకగా విప్పి, కొన్నింటిని కొండపైన, కొన్నింటిని ఒడ్డున ఉన్న అనుపు వద్ద తిరిగి నిర్మించారు. జలాశయం నిండాక కొండశిఖరం ద్వీపమైంది. 1966లో అక్కడ మ్యూజియం ప్రారంభమైంది. విజయపురి సౌత్ నుంచి లాంచీలో అక్కడికి చేరాలి. ఆ ప్రయాణంలో లాంచీ కింద ఉన్నది ఒకనాటి నగరమని గుర్తుంచుకుంటే, మ్యూజియంలో చూసేదాని బరువు తెలుస్తుంది.

శాసనాలను తీరికగా చూడండి. మహాచైత్యాన్ని నిర్మింపజేసింది రాజు చాంతమూలుని సోదరి చాంతిసిరి. ఆ వంశపు స్త్రీలు చేసిన దానాలు ఇక్కడి శాసనాల్లో అడుగడుగునా కనిపిస్తాయి. మరణించిన వారి స్మృతికి నిలిపిన రాళ్లను నాటి ప్రాకృతంలో ఛాయాస్తంభాలన్నారు. తిరుగు ప్రయాణంలో వీలు చేసుకుని అనుపు వెళ్తే, తిరిగి కట్టిన రంగస్థలం మెట్లపై కూర్చుని జలాశయాన్ని చూడవచ్చు.

ఆలంపురం, కొండాపురం

నీటిపారుదల ప్రాజెక్టు కారణంగా కదలిన చరిత్ర తెలంగాణలోనూ ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పడిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, రాళ్లను ఆలంపురానికి తరలించి తిరిగి నిర్మించారు. కర్నూలుకు చేరువలో, జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్న ఆలంపురంలో బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలను దర్శించేవారు వేల మంది. పక్కనే ఉన్న పురావస్తు మ్యూజియంలోకి వెళ్లేవారు కొద్దిమందే. ఆలయ గోడలపై ఎత్తున ఉండి సరిగా కనపడని శిల్పరీతిని ఇక్కడ కంటి ఎదుట, చేరువగా పరిశీలించవచ్చు.

సంగారెడ్డి జిల్లా కొండాపురంలో 1940వ దశకం తొలినాళ్లలో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. శాతవాహనుల నాణేలు, మట్టిబొమ్మలు, పూసలు, కుండలు పెద్దసంఖ్యలో లభించాయి. రోమన్ బంగారు నాణెం కూడా దొరికింది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊరికి రోమ్ నాణెం ఎలా వచ్చిందన్న ప్రశ్న పిల్లలకు వేసి చూడండి. వాణిజ్యం, రేవులు, బండిదారులు అన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడి ఉన్నాయి. హైదరాబాద్ నుంచి ఒక పూటలో వెళ్లి రాగల చోటు ఇది.

హైదరాబాద్: మూడు మ్యూజియంలు, మూడు స్వభావాలు

మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో 40 వేలకు పైగా కళాఖండాలు ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించినవి. అవివాహితుడైన ఆయన 1949లో మరణించగా ఈ సంపద చెల్లాచెదురయ్యే ప్రమాదం ఏర్పడింది. అయితే 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం ప్రారంభమైంది. 1961లో పార్లమెంటు చట్టంతో ఇది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా మారింది. 1968లో ప్రస్తుత భవనానికి తరలింది. బెన్జోనీ చెక్కిన మేలిముసుగు రెబెకా, గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి కొట్టే గడియారం, ఒకవైపు మెఫిస్టోఫిలిస్, మరోవైపు మార్గరెట్టా కనిపించే దారుశిల్పం చుట్టూ ఎప్పుడూ జనమే. వాటితో పాటు జహంగీరు, నూర్జహాన్‌ల బాకులను, అరబ్బీ, పారశీక, ఉర్దూ రాతప్రతులను చూడటానికి తగిన సమయం కేటాయించుకోండి.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని తెలంగాణ రాష్ట్ర మ్యూజియానికి 1930లో పునాది పడింది. ఇక్కడి ఈజిప్టు మమ్మీని చూసి వెనుదిరిగేవారే ఎక్కువ. అజంతా ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలో భాగమన్న సంగతి గుర్తుచేసే అజంతా చిత్రాల నకళ్లు, కంచు విగ్రహాలు, బౌద్ధ శిల్పాలు, శాసనాలు, విస్తారమైన నాణేల సేకరణ ఈ మ్యూజియం అసలు బలం.

మూడోది పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం. ఏడో నిజాం గద్దెనెక్కి 25 ఏళ్లు నిండిన సందర్భంగా అందుకున్న కానుకలు ఇక్కడ ఉన్నాయి. ఆరో నిజాం దుస్తుల కోసం పొడవాటి హాలు నిండా కట్టిన చెక్క బీరువాల వరుస సందర్శకులను ఆశ్చర్యపరుస్తుంది. 2018 సెప్టెంబరులో ఇక్కడి నుంచి రత్నాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా చోరీ అయ్యాయి. కొద్దిరోజుల్లోనే పోలీసులు వాటిని స్వాధీనం చేసుకున్నారు. అద్దాల పెట్టెలో పెట్టినంత మాత్రాన వస్తువుకు భద్రత లభించినట్లు కాదని ఆ ఘటన గుర్తుచేసింది.

గోదావరి తీరం: రాజమహేంద్రవరం, కాకినాడ

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు చేరువలో ఉన్న రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం ఒక పరిశోధకుని పేరు మోస్తోంది. ఆంధ్రుల చరిత్రను శాసనాల ఆధారంగా వెలికితీయాలన్న పట్టుదలతో 1922లో ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలిలో ఆయన ముఖ్యులు. అక్కడికి సమీపంలోని ధవళేశ్వరంలో సర్ ఆర్థర్ కాటన్ మ్యూజియం ఉంది. 1847 నుంచి 1852 వరకు సాగిన ఆనకట్ట నిర్మాణం గోదావరి డెల్టా రూపురేఖలను మార్చింది. మ్యూజియం చూసి బయటికి వచ్చి నదిని చూస్తే ఆ పని పరిమాణం అర్థమవుతుంది.

భాషాభిమానులు కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్ మ్యూజియాన్ని మరువరాదు. 1911లో జయంతి రామయ్య పంతులు ప్రభృతులు మద్రాసులో స్థాపించిన ఈ పరిషత్తు తర్వాత కాకినాడకు తరలింది. సూర్యరాయాంధ్ర నిఘంటువు నిర్మాణంతో ముడిపడిన సంస్థ ఇది. ఇక్కడి తాళపత్రాలను చూసినప్పుడు ఒక్క విషయం ఆలోచించాలి. తాటాకు చిరకాలం నిలవదు. పురుగు పట్టకముందే మరొకరు కొత్త ఆకుపై తిరగరాస్తేనే పుస్తకం తర్వాతి తరానికి చేరింది.

విశాఖపట్నం, అరకు

మ్యూజియం అనగానే పాతరాళ్లేనని భావించే పిల్లలను ముందుగా విశాఖ సాగరతీరానికి తీసుకువెళ్లడం మంచిది. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి 1971 యుద్ధ కాలంలో విధులు నిర్వర్తించింది. 2001 ఫిబ్రవరిలో సేవల నుంచి విరమించింది. మరుసటి ఏడాది రామకృష్ణ బీచ్‌లో మ్యూజియంగా మారింది. సుమారు 91 మీటర్ల పొడవున్న ఈ ఉక్కుగొట్టంలో వంగి నడుస్తూ, ఒకదానిపై ఒకటిగా అమర్చిన పడకలను చూస్తే నావికుల జీవితం ఎంత ఇరుకో తెలుస్తుంది. ఎదురుగానే టీయూ-142 విమాన మ్యూజియం ఉంది.

విశాఖ నుంచి కిరండోల్ రైలులో అరకు చేరితే గిరిజన మ్యూజియం స్వాగతం పలుకుతుంది. మన్యం ప్రజల ఇళ్లు, నగలు, వేట పరికరాలు, వాద్యాలు, థింసా నృత్యరీతి ఇక్కడి ప్రదర్శనలో భాగం. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: ఇక్కడ చూపుతున్న జీవనం గతించినది కాదు. మ్యూజియం గుమ్మం దాటగానే ఆ సముదాయాల ప్రజలే సంతలో ఎదురవుతారు.

రాయలసీమ: చంద్రగిరి, కడప

1565 నాటి యుద్ధంలో ఓటమి తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి రాజధానిని మార్చారు. తిరుపతికి చేరువలోని చంద్రగిరి కోటలో, కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన రాజమహల్‌లోనే పురావస్తు మ్యూజియం ఉంది. రాతి, కంచు విగ్రహాలతో పాటు ఆ భవనాన్ని కూడా ఒక ప్రదర్శన వస్తువుగా చూడాలి. తిరుమల యాత్రికులు ఒక్క పూట అదనంగా కేటాయిస్తే చాలు.

కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ప్రధానంగా గ్రంథాలయం. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి తెలుగు కావ్యాల ప్రతులు సిద్ధం చేయించిన బంగళా స్థలంలోనే అది వెలసింది. అందువల్ల ఈ జాబితాలో దానికీ చోటుంది.

వెళ్లే ముందు

హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్‌తో పాటు పురావస్తు సర్వే సంస్థ మ్యూజియంలకు సాధారణంగా శుక్రవారం సెలవు. కుర్సురాకు సోమవారం సెలవు. వేళలు, రుసుములు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు వాకబు చేయడం మేలు. నాగార్జునకొండ లాంచీలు నీటిమట్టం, వాతావరణాన్ని బట్టి నడుస్తాయి. పిల్లలతో వెళ్లినప్పుడు అన్నీ చూపించాలని తొందరపడకండి. ఐదు వస్తువులు ఎంచుకుని, ఒక్కోదాని ముందు పది నిమిషాలు నిలిస్తే అవి ఎన్నాళ్లయినా గుర్తుంటాయి.

సందర్శకుని బాధ్యత టిక్కెట్టుతో ముగియదు. పొలం దున్నుతున్నప్పుడో, ఇంటి పునాది తీస్తున్నప్పుడో నాణేలు, విగ్రహాలు, రాగిరేకులు బయటపడటం మన గ్రామాల్లో తరచూ జరిగేదే. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించి విలువ చేసే నిధి దొరికితే జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. కనుగొన్నవారికి, భూమి యజమానికి ఉండే హక్కులను కూడా ఆ చట్టం ప్రస్తావిస్తోంది. నూరేళ్లు దాటిన కళావస్తువులు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం.

అమరావతి పలకలు ఓడెక్కిన నాడు ఈ చట్టాలు లేవు. నేడు చట్టాలున్నాయి, మ్యూజియంలున్నాయి. కరిగించిన రాగిరేకు మళ్లీ శాసనం కాదు. రహస్యంగా అమ్మిన విగ్రహం ఏ ఊరిదో చెప్పేవారు మిగలరు. దొరికిన వస్తువు సమీపంలోని మ్యూజియానికి చేరితే, దాని కింద రాసే పలకపై ఆ ఊరి పేరు నిలిచిపోతుంది.