ముగ్గురు ఏలికలు, ముసురుకున్న చీకటి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు నాటకం ఏ ఏడు పోయిందో చెప్పగలవాళ్ళు కనిపించరు. దాన్ని నిషేధించినవాళ్ళు లేరు, మూసేస్తున్నామని బోర్డు పెట్టినవాళ్ళూ లేరు. దసరాకు ఒక ఏడు ఆగింది, మరుసటేడు చూద్దామన్నారు. ఆ తర్వాత అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ప్రభుత్వాల చేతుల్లో కళలు చాలావరకు ఇలాగే పోతాయి.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. మనవాళ్ళ నోట అది బియన్నార్. ఖరగ్‌పూర్ మీదుగా కొందరు తెలుగువాళ్ళు ముందే బిలాస్‌పూర్ చేరారు. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయ్యాక దారి దగ్గరైంది. శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఖలాసీలయ్యారు, గ్యాంగ్‌మెన్ అయ్యారు, లోకో షెడ్డులో బొగ్గు కొట్టారు. వాళ్ళ ట్రంకుపెట్టెల్లో బలిజేపల్లివారి హరిశ్చంద్ర, తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలు కూడా ఊళ్ళు దాటాయి.

కంపెనీ దొరలకు కళల మీద మోజు ఉండి ఉద్యోగుల క్లబ్బులైన ఇన్‌స్టిట్యూట్లు కట్టలేదు. డ్యూటీ దిగిన మనిషి సారా కొట్టుకు గానీ యూనియన్ మీటింగుకు గానీ పోకుండా ఉంటే చాలు వాళ్ళకు. మొదట్లో తెల్లవాళ్ళకు ఒక ఇన్‌స్టిట్యూట్, నల్లవాళ్ళకు ఇంకొకటి. రైల్వేలో ఆటపాటలకూ సాయాలకూ డబ్బిచ్చే స్టాఫ్ బెనిఫిట్ ఫండ్‌కు పాత పేరు ఫైన్ ఫండ్. ఆలస్యంగా వచ్చాడనో, సామాను పాడుచేశాడనో కార్మికుడి జీతంలోంచి కోసిన జరిమానాలే అందులోకి చేరేవి. హరిశ్చంద్రుడి కాటిసీనులో వెలిగిన పెట్రోమాక్సు లైటు వెనక ఎందరి జీతాల కోత ఉందో! దాన్ని దాతృత్వం అనలేం. అయినా ఆ డబ్బుతో ఒక వేదిక లేచింది, ఒక హార్మోనియం వచ్చింది, అద్దాల బీరువాలో నాలుగు వరసల పుస్తకాలు చేరాయి. రిహార్సలులో రాయబారం పద్యం అందుకోబోయే కృష్ణుడికి కాల్‌బాయ్ వచ్చి గూడ్సుబండి డ్యూటీ పిలుపు వినిపించే లోకం అది. కిరీటం తీసి కొక్కేనికి తగిలించి వెళ్ళిపోవాల్సిందే.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ మనుషులకు ఒకరికి ముగ్గురు ఏలికలయ్యారు. జీతమిచ్చే కేంద్రం ఒకటి. కాపురముండే రాష్ట్రం రెండోది: 1950 నుంచి మధ్యప్రదేశ్, 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్. భాష పేరున ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ మూడోది. ముగ్గురు ఉండీ దిక్కులేకపోవడమే ఈ కథలో అసలు విషాదం.

సొంత రాష్ట్రం సంగతి చూడండి. 1957లో సాహిత్య అకాడమీ పెట్టుకుంది. ఆపైన సంగీత నాటక అకాడమీ, లలితకళా అకాడమీ ఉండేవి. సాహిత్య అకాడమీ తెచ్చిన ప్రాచీన కావ్యాలు తక్కువ ధరకు దొరికేవి, పొరుగు రాష్ట్రంలో ఉన్నవాళ్ళూ తెప్పించుకోగలిగేవారు. అకాడమీల్లో ముఠాలు లేవని, అయినవాళ్ళకు ఆకుల్లో వడ్డించలేదని ఎవరూ అనరు. కానీ ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు 1983లో అకాడమీలనే రద్దు చేశారు. రద్దు చేసింది ఎవరు? కృష్ణుడంటే తెలుగువాడి కళ్ళముందు ఎవరి ముఖం మెదులుతుందో, ఆ నందమూరి తారక రామారావు ప్రభుత్వమే. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టి అకాడమీల పనులు దానికి అప్పగించారు. పరీక్షలు, పట్టాలు చూసుకునే విశ్వవిద్యాలయానికి ఎక్కడో బిలాస్‌పూర్‌లో పద్యం పాడే పాయింట్స్‌మన్ ఎలా కనిపిస్తాడు?

గ్రంథాలయాల లెక్క ఇంకా విచిత్రం. 1960 చట్టం కింద ఆంధ్రలో ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు వస్తుంది. బిలాస్‌పూర్ మధ్యప్రదేశ్‌లో ఉన్నంతకాలం అక్కడ అలాంటి చట్టమే లేదు. ఉన్నా ఒరిగేదేమీ లేదు: రైల్వే క్వార్టర్లు కేంద్రం ఆస్తి, రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం వాటిమీద రాష్ట్రం పన్ను పడదు. పన్ను పడని ఇంటికి సెస్సు ఎక్కడిది, సెస్సు లేని పేటకు పుస్తకం ఎక్కడిది? భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే ప్రయత్నం చేయాలని 350ఎ అధికరణ చెబుతూనే ఉంది. పిల్లలు మాత్రం హిందీలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బీరువాలో పుస్తకం తెరిస్తే చదవలేరు. మిగిలిందల్లా చందాలు పోగేసుకుని నడిపే సమాజాలు.

బిలాస్‌పూర్ స్టేషన్ పేరు సాహిత్యంలోకి ఎక్కింది టాగోర్ కవితతో. 1918లో వచ్చిన ‘పలాతక’ సంపుటిలో ‘ఫాంకి’ అనే కథాకవిత ఉంది. జబ్బుపడ్డ భార్యను గాలిమార్పుకు తీసుకెళ్తూ ఒకాయన ఇక్కడ బండి మారడానికి ఆగుతాడు. స్టేషన్ కూలీ భార్య రుక్మిణికి, కూతురి పెళ్ళి కోసం, పాతిక రూపాయలు ఇమ్మని భార్య అడుగుతుంది. ఆయన రుక్మిణిని పక్కకు పిలిచి, దబాయించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. ఇచ్చేశానని భార్యకు చెబుతాడు. భార్య పోయాక ఆ బాకీ తీరుద్దామని తిరిగొస్తే రుక్మిణి జాడ తెలిసినవాళ్ళు ఒక్కరూ ఉండరు. మన సాంస్కృతిక శాఖల వరస అచ్చంగా ఇదే. బడ్జెట్ ప్రసంగంలో పాతిక, చేతికి రెండు. ఆ రెండూ అందేసరికి పుచ్చుకునే మనిషి ఉండడు.

రైల్వే కార్మికుడికి భయపడ్డంత కాలమే సర్కారు అతని వినోదం గురించి ఆలోచించిందని నా అనుమానం. 1974 మే నెల సమ్మె ఇరవై రోజులకు విరిగిపోయింది. 1995లో బ్రాడ్‌గేజ్ మీద ఆఖరి ఆవిరి ఇంజను ఆగింది, లోకో షెడ్డు చుట్టూ అల్లుకున్న మందీ చెదిరింది. 1991 నాటికి దేశమంతా పదహారు లక్షలకు పైగా ఉన్న రైల్వే సిబ్బంది ఇప్పుడు పన్నెండు లక్షల దగ్గర ఉన్నారు. బడులు, ఆసుపత్రుల వంటి పనులు రైల్వే నెత్తిన వద్దని 2015లో బిబేక్ దేబ్రాయ్ కమిటీ రాసింది. బడులే బరువైన చోట నాటకాల గదిని తలుచుకునేదెవరు? ఇన్‌స్టిట్యూట్ హాళ్ళు పెళ్ళిళ్ళకు అద్దెకు పోవడం ఏ రైల్వే ఊళ్ళోనూ వింత కాదు.

డబ్బు లేక అనుకుంటే పొరపాటు. బిలాస్‌పూర్ జనం పోరాడి సాధించుకున్న ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ 2003లో మొదలైంది. 2022–23లో ఆ జోన్ ఎత్తిన సరుకు 20 కోట్ల టన్నుల పైమాటే. అందులో అధికభాగం బొగ్గు. ఒక్క గూడ్సుబండి బొగ్గు కిరాయిలో పిసరంత చాలు, ఒక లైబ్రరీ ఏడాది నడవడానికి.

సొంత రాష్ట్రం 2022 జనవరిలో నాటకాన్ని తలుచుకున్నది ‘చింతామణి’ని నిషేధించడానికి. కేంద్రం వరసా అంతే: పుస్తకాలను చవగ్గా చేరవేసిన రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది.

బిలాస్‌పూర్‌లో రిటైరై విజయనగరం, శ్రీకాకుళం చేరుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ అటకల మీద పాత నాటకాల కరపత్రాలు, వేషాల ఫొటోలు, చేత్తో రాసుకున్న పద్యాల నోటుబుక్కులు ఉంటే కాగితాలవాడికి తూకానికి వేయకండి. వాటిని ఫోన్లో ఫొటోలు తీసి, వెనక పేరు, ఊరు, సంవత్సరం రాసి, బిలాస్‌పూర్‌లోని తెలుగు సమాజానికో, మీ ఊరి శాఖా గ్రంథాలయానికో ఇవ్వండి. ఏ సర్కారూ వచ్చి అడగదు, మీరే పట్టుకెళ్ళాలి.